అత్త ఇచ్చినవన్నీ తిరిగొచ్చిన రోజు

మా మేనత్త పోయింది. కబురు మా నాయిన ఫోన్లో చెప్పాడు.

మా ఊళ్ళో ఫోను పలకదు. మాట్లాడాలంటే తారు రోడ్డు దాకా నడిచి, పోలీసు క్యాంపు టవరు కనబడే గుట్ట ఎక్కాలి. నా కోసం నాయిన ఎన్నడూ ఆ గుట్ట ఎక్కలేదు. అందుకే ఫోన్లో ఆయన పేరు చూడగానే ఎవరో పోయారని అర్థమైంది. ఎవరన్నదే తెలియాలి.

నేనప్పుడు మల్కనగిరి వైపు ఒక చేలో బోరు బండి దగ్గరున్నాను. అప్పుడే నీళ్ళు పడ్డాయి. బురద నీళ్ళు పైకి ఎగజిమ్ముతుంటే రైతు ఇంటివాళ్ళు కేకలు పెడుతున్నారు, ఎవరో కొబ్బరికాయ కొడుతున్నారు. ఒక చెవి మూసుకుని, రెండో చెవికి ఫోను అదిమిపెట్టాను.

"మీ అత్త లేదురా," అన్నాడు నాయిన. "జరమొచ్చింది. పోయింది. జల్ది రా."

"ఏం జరం?" అని అరిచాను. అప్పటికే లైను తెగింది. ఒంటి నిండా తెల్లటి రాతిపిండి, దాని మీద నీటి తుంపర. సంబరంలో ఆ రైతు వచ్చి నా నోట్లో బెల్లం ముక్క పెట్టాడు. ఉమ్మెయ్యలేక మింగాను.

ఆమె మీకెవరికీ తెలియదు. సుక్మా జిల్లాలో దక్షిణం కొసన, శబరి నది దగ్గర ఒక ఊరు మాది. ఆ ఊరు దాటి ఆమెను ఎరిగినవాళ్ళు వేళ్ళ మీద లెక్క. పిల్లల్లేరు. మామ ఎప్పుడో పోయాడు. చదువు లేదు. ఆమెకు ఒక కోరిక ఉండేది. తనను మట్టిలో పెట్టేటప్పుడు ఖాళీ చేతులతో పెట్టాలని. అంత చిన్న కోరిక. అది తీరలేదు. ఎందుకు తీరలేదో చెప్పాలని ఇది రాస్తున్నాను. చెప్తే నా మనసు తేలికవుతుందనే ఆశ మాత్రం లేదు.

నాకు తెలుగు అక్షరాలు బడిలో రాలేదు. మా బడి హిందీ బడి. ఇంట్లో మాట్లాడేది మా తెగ భాష దొర్లి, తెలుగు కలిసిన మాట. ఎనిమిదో తరగతి మధ్యలో ఆశ్రమశాల గోడ దూకి వచ్చేశాక, అత్త నన్ను ఒక పనికి పెట్టుకుంది. ఆమె దగ్గర తెలుగు బైబిలు ఉండేది, చదవడం రాదు. పాస్టరయ్య నాకు అక్షరాలు నేర్పాడు, నేను అత్తకు చదివి పెట్టేవాణ్ణి. కూలి ఉడకబెట్టిన కందగడ్డలు. నేను చదివేది ఆ పుస్తకపు తెలుగు. నాకూ సగం అర్థమయ్యేది కాదు. ఒక వాక్యం చదవగానే అత్త చెయ్యెత్తి ఆపి, దాన్ని మా మాటలోకి తిప్పి తనకు తాను చెప్పుకునేది. ఆమె చెప్పుకున్నదే నాకు గుర్తుంది.

ఎందుకు నమ్మావని ఒకసారి అడిగాను. మామ పోయిన ఏడు ఆమె జబ్బుపడి భద్రాచలం వైపు ఒక ఆసుపత్రిలో చాలాకాలం ఉంది. అక్కడ ఒక నర్సమ్మ చదివి వినిపించిందట.

"నక్కకు బొరియ ఉన్నదంట, పిట్టకు గూడున్నదంట. ఆయనకు తల పెట్టుకోను జాగ లేదంట. మనసొంటోడే అనిపించిందిరా అల్లుడా," అంది. అంతే. అంతకు మించి కారణం నాకు ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పపువ్వు కాలంలో ఆమెతో పాటు తెల్లవారుజామున అడవికి వెళ్ళేవాణ్ణి. చెట్టు కింద ఆకులు ముందే కాల్చి ఊడ్చి ఉంచుతాం, పువ్వు రాలితే మట్టి మీద తెల్లగా కనబడాలని. అందరూ చెట్టు కింద ఒక్క పువ్వు మిగలకుండా ఏరతారు. ఎండబెట్టి అమ్మితే ఉప్పూ నూనే వచ్చేది దాంతోనే కదా. మా అత్త గంప నిండగానే నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచేది. కింద ఇంకా ఎంత పువ్వున్నా సరే.

పక్క చెట్టు కింది నుంచి మా పొరుగింటామె అరిచేది. "ఇంకింత పువ్వుంటే ఏరవేందే?"

"గంప నిండింది."

"ఇంకో గంప తెచ్చుకో!"

"అది ఎలుగుబంటికి."

"ఎలుగుకా! మీ అయ్యగారు దాన్ని గూడ నీళ్ళల్ల ముంచి బాప్తీస్మం ఇచ్చిండా ఏంది?"

"దానికి అక్కర్లేదే," అనేది అత్త గంప తలకెత్తుకుంటూ. "అది రేపటికని దాసుకోదు. ముంచాల్సింది నిన్నే."

పొరుగింటామె ఆ రోజంతా ఆ మాట చెప్పుకుని నవ్వేది. కానీ అత్త వేళాకోళానికి అన్న మాట కాదది. ఎండబెట్టిన పువ్వు వానాకాలం దాటితే పురుగు పడుతుంది. దాచినవాళ్ళందరి ఇళ్ళల్లో పడేది. అత్త వానలకు ముందే ఉన్నదంతా పంచేసేది. భూమి మీద దాచుకుంటే పురుగు తింటుంది, తుప్పు తింటుంది, దొంగ కన్నం వేస్తాడు, పైన దాచుకోండి అనే చోటు నేను మొదటిసారి చదివిన రోజు ఆమె ముఖం ఇంకా గుర్తుంది. ఎవరో తన ఇంటి సంగతి పుస్తకంలో రాసినట్టు చూసింది. "ఈ ముగ్గురు నాకు ఎరుకే," అంది. అప్పటి నుంచి పురుగును, తుప్పును, దొంగను ఆమె చుట్టాలని పిలిచేది. ఎవరైనా కొత్త వస్తువు కొనుక్కొచ్చి చూపిస్తే, "మంచిగున్నది. ఇగ నీ ఇంటికి ముగ్గురు చుట్టాలు బయల్దేరిన్రు," అనేది. తన ఇల్లు చూపించి, "నా ఇంటికి రారు. వస్తే పెట్టను ఏం లేదు," అని నవ్వేది.

ఒక ధనవంతుడు పంట ఎక్కువ పండిందని కొట్లు విరగ్గొట్టి పెద్ద కొట్లు కట్టించుకున్న కథ ఆమెకు చాలా ఇష్టం. ఆమె చెప్తే ఆ కొట్లు గోదాములయ్యేవి, ఆ ధనవంతుడు చింతపండు కొనే సేఠ్ అయ్యేవాడు. "గోదాముకు రేకులేసిండు. తాళమేసిండు. కడుపు మీద చెయ్యేసుకుని, తినుకుంట పండుకుంట అనుకున్నడు. ఆ పొద్దే పిలుపొచ్చింది. చెప్పు, తాళంచెవి ఎవరికియ్యాలె?" అని మమ్మల్ని పిల్లలందరినీ అడిగేది. ఎవరూ జవాబు చెప్పలేకపోయేవాళ్ళం. ఆమె కూడా చెప్పేది కాదు.

సూది బెజ్జంలోంచి ఒంటె పోవడం గురించి చదివినప్పుడు మాత్రం చిక్కొచ్చింది. ఒంటె అంటే ఏమిటో ఆమెకు తెలియదు. గుర్రం కన్నా పెద్దది, వీపు మీద గుట్ట ఉంటుంది అని చెప్పాను. నమ్మలేదు. ఒకసారి కోంటా సంతకు ఎక్కడి నుంచో ఒంటెను తోలుకొచ్చారు, పిల్లలను ఎక్కించి తిప్పడానికి. అత్త మిరపకాయల గంప దించేసి దాని ముందు నిలబడిపోయింది. అది ఆమె వైపు మెడ వంచి, నోట్లో ఏదో నములుతూ, ఆమెను పై నుంచి కింది దాకా చూసింది. పక్కనే ఒక ముసలామె సూదులు, పిన్నీసులు అమ్ముతోంది. అత్త ఒక సూది తీసి వెలుగుకు పట్టి, దాని బెజ్జంలోంచి ఒంటెను చూసింది. పగలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ ఒక్కసారిగా ఆగిపోయింది.

"అయితే ధనమున్నోళ్ళు ఒక్కరు గూడ పోరురా," అంది.

"మనకేం, మనం ధనమున్నోళ్ళమా?" అన్నాను.

"ఎవనికి తెలుసు? మనింట్ల రెండు గొంగళ్ళున్నయి. పక్కింట్ల ఒక్కటి గూడ లేదు."

ఇంటికి వెళ్ళగానే ఒక గొంగడి పక్కింటికి పోయింది. అది మొదలు. తర్వాత ఏళ్ళల్లో ఆమె ఇంట్లోంచి ఒక్కొక్కటే వెళ్ళిపోయింది. ఇత్తడి చెంబు ఒక పెళ్ళికూతురితో వెళ్ళింది. మంచి కొడవలి పొరుగింటామెకిచ్చింది, ఎలుగు సంగతి అడిగి ఏడిపించే ఆ ఇల్లాలికే. చాట, రోకలి, రేకుపెట్టె. నేను బోరు బండి మీద చేరినప్పుడు మిగిలిన గొంగడి నాకిచ్చింది. "నీకెట్ల?" అంటే, "పొయ్యి ఉన్నది గదా," అంది.

నేను ఒక చోట ఉండేవాణ్ణి కాదు. మిరపకాయలు కొయ్యడానికి ఖమ్మం వైపు, లోడింగు పనికి బచేలి, కప్పులు కడగడానికి జగదల్‌పూర్, చివరికి బోరు బండి. ఎక్కడా కాలు నిలవదు. వచ్చినప్పుడల్లా, నా చేతిలో ఏమీ నిలవడం లేదని, బండి కొనుక్కోలేకపోయానని, ఇల్లు కట్టలేకపోయానని అత్త ముందు కూర్చుని ఏడ్చేవాణ్ణి. ఒకసారి చింతపండు గింజలు కొడుతూ అంతా విని ఆమె అన్న మాట ఇది: "నీకేం లేదు, నాకేం లేదు. నీకు లేదని ఏడుపు. నాకు లేదని నిమ్మళం. అంతేరా తేడా."

ఆ నిమ్మళం నాకు అంటలేదు. అంటుతుందనే ఆమె దగ్గరికి వెళ్ళేవాణ్ణి.

ఒకటి మాత్రం ఆమె ఎప్పుడూ నింపేది. పొయ్యి పక్కన మూత ఉన్న ఒక డబ్బా. అన్నం వండే ప్రతిసారీ, ఎసట్లో పోసే ముందు, బియ్యంలోంచి పిడికెడు తీసి ఆ డబ్బాలో వేసేది. మా దగ్గర విశ్వాసుల ఇళ్ళల్లో ఆడవాళ్ళు అలా చేస్తారు. నెలాఖరున అన్ని ఇళ్ళ పిడికెళ్ళు కలిపి, ఇంట్లో వండుకోవడానికి లేని వాళ్ళకు ఇస్తారు. రేషన్ బియ్యం అయిపోయి, గంజితో సరిపెట్టుకునే రోజుల్లో కూడా ఆ డబ్బా మూత ఆమె తెరిచేది కాదు. "అది నాది గాదు. దేవుని బియ్యం," అనేది.

చేతుల సంగతి ఆమె చెప్పింది మొన్నటి ఎండాకాలంలోనే. అందరూ వాకిట్లో చింతపండు కొడుతున్నారు. మా ఊరి పెద్ద కూడా కూర్చుని ఉన్నాడు. నాకు తాత వరస, అత్తకూ నాయినకూ కాకా. మాలో పోయిన మనిషితో పాటు వాళ్ళ సామాను కూడా పెడతారు. చెంబు, కొడవలి, బట్టలు, తినడానికి బియ్యం. అక్కడికి వెళ్ళిన మనిషికి సంసారం వద్దా అని. ఆ మాట మీదే అత్త అంది:

"కాకా, నన్ను మాత్రం మా ఆయన పక్కన్నే పెట్టుర్రి. కానీ చేతుల్ల ఏం పెట్టకుర్రి. ఒట్టి చేతులతోని వచ్చిన, ఒట్టి చేతులతోని పోత."

"ఏం పెట్టకుంటే ఆడ ఏం తింటవే? ఇంటింటికి పోయి అడుక్కుంటవా?"

"ఆడ వండిపెట్టేటోడున్నడు."

"వానికి మన వంట తెలుసా? జావ కాయొస్తదా?" అన్నాడు తాత. వాకిట్లో అందరూ నవ్వారు. అత్త అందరికన్నా గట్టిగా నవ్వింది. ఆ నవ్వు వల్ల ఆమె మాటను ఎవరూ లోపలికి తీసుకోలేదేమో అని ఇప్పుడనిపిస్తుంది.

నేను ఊరు చేరేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టి ఉంచారు. మితానిన్ అక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఊళ్ళో జ్వరం పరీక్ష చేసి గోళీలిచ్చేది ఆమే. నన్ను చూడగానే కోపంగా మొదలుపెట్టి, ఏడుపులో ఆగింది.

"మలేరియానే. నా కాడ గోళీలున్నయి తమ్మీ. ఉత్త ఒళ్ళునొప్పులని చెప్పుకుంట తిరిగింది. నేనొచ్చి చూసేసరికి మాట లేదు. సర్కారు ఇంటింటికి దోమతెర ఇచ్చిందా? నా చేత్తోనే ఇచ్చిన. కట్టుకోలే. ఆ మూలింటి పిల్లకు ఇచ్చేసింది, వాళ్ళది చినిగింది, చంటోడున్నడని. నువ్వు కప్పుకోవే అని తిట్టిన గూడ. నా నెత్తురు ముసల్ది, దోమలకు రుచుండదు అన్నది."

నాకు దేవుడి మీద కోపం రాలేదు. అత్త మీద వచ్చింది. గొంగడి ఇస్తే చలి. చెంబు ఇస్తే దోసిలితో తాగొచ్చు. దోమతెర ఇవ్వడమేమిటి? ఆ పిల్ల ఊరి చివర మూలింట్లో ఉంటుంది, నాకు చెల్లెలి వరస. ఆమె కూడా వచ్చి, కొడుకును చంకలో పెట్టుకుని దూరంగా నిలబడింది. వాడు బొద్దుగా, బాగున్నాడు. వాణ్ణి చూస్తే నా కోపం ఎటు పోవాలో తెలియక అక్కడే తిరిగింది.

పాస్టరయ్య మోటార్ సైకిల్ మీద వచ్చాడు. ప్రార్థన చేశాడు. తర్వాత ఎక్కడ పెట్టాలన్న మాట వచ్చింది. మామను పెట్టింది ఊరి బొందలగడ్డలో, ఆయన మీద రాయి నిలబెట్టి ఉంది. పక్కన జాగా ఉంది. తాత అడ్డం చెప్పలేదు. ఒక్క మాటే అన్నాడు.

"మన పిల్ల. మన గడ్డ. ఎవరొద్దంటరు? కానీ మన పద్ధతిల పెట్టాలె. ఆమె సామాను ఆమెతోని పోవాలె."

పాస్టరయ్య మెల్లగా చెప్పాడు. "పెద్దాయనా, ఏం పెట్టొద్దని ఆమెనే చెప్పింది గదా. మీ ముంగట్నే చెప్పింది."

"చెప్పింది. బతికున్నోళ్ళు మస్తు చెప్తరు. రేపు ఆడ చెంబు లేక, బట్ట లేక నిలబడితే? మా ఊరోళ్ళు ఒక దిక్కులేనిదాన్ని పంపినట్టు పంపిన్రని అక్కడున్నోళ్ళు అనరా? నా అన్న బిడ్డ అది. దొంగను పంపినట్టు ఒట్టి చేతులతోని పంపమంటవా?" అంటూ తాత కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన పంతానికి మాట్లాడలేదు. నేను దగ్గరే ఉన్నాను, చూశాను.

"అట్లయితే రోడ్డు కాడ మా సంఘం జాగ ఉన్నది. ట్రాక్టరు తెప్పిస్త. ఆమె అడిగినట్టే పెడదం," అన్నాడు పాస్టరయ్య.

అందరూ మా నాయిన వైపు చూశారు. అత్తకు తమ్ముడు ఆయనే. నాయిన నమ్మినవాడు కాదు, అత్తను ఎప్పుడూ కాదన్నవాడూ కాదు.

"రోడ్డు పక్కన ఒక్కతె ఎట్ల పండుకుంటదయ్యా?" అన్నాడు. "బావ పక్కన్నే పెడదం. సామాను పెడదం."

మామ పక్కన పెట్టమన్నదీ ఆమే. చేతులు ఖాళీగా ఉంచమన్నదీ ఆమే. రెండూ జరగవని తేలింది. నాయిన ఒకటి తీసుకున్నాడు. ఆ చోట నేనున్నా ఇంకోలా చెప్పేవాణ్ణని అనుకోను.

సామాను తేవడానికి ఇంట్లోకి వెళ్ళాం. ఏముంది? ఒక మట్టి కుండ, పొయ్యి, చాప. గోడకు ఒక కొక్కెం, దానికి ఏమీ లేదు. నాయిన మూలమూలా చూసి, తలుపు దగ్గర నిలబడి ఏడ్చాడు. "ఏమి లేదు కాకా. ఒక్కటి గూడ ఉంచుకోలే."

అప్పుడు మా పొరుగింటామె లేచి తన ఇంటికి వెళ్ళింది. కొడవలి పట్టుకుని వచ్చింది. అత్త కాళ్ళ దగ్గర పెట్టింది. ఆమె వెనక ఇంకొకరు లేచారు. చాట వచ్చింది. రోకలి వచ్చింది. రేకుపెట్టె వచ్చింది. గొంగడి వచ్చింది, అక్కడక్కడా మాసికలు వేసి, ఉతికి మడత పెట్టి ఉంది. పెళ్ళై పక్క ఊరికి వెళ్ళిన పిల్ల తమ్ముడు ఇత్తడి చెంబుతో సైకిలు మీద వచ్చాడు. ఎవరూ అడగలేదు. వాకిట్లో అత్త చుట్టూ సామాను పేరుకుంటూ పోయింది. ఊళ్ళో ఎవరికీ అంత సామాను పెట్టి ఉండరు.

ప్రేమతోనే తెచ్చారని మొదట అనుకున్నాను. ప్రేమ ఉంది. కానీ ఆ మూలింటి పిల్ల దోమతెర చేత్తో పట్టుకుని వచ్చినప్పుడు అసలు సంగతి తెలిసింది.

నేను లేచి అడ్డం వెళ్ళాను. "ఇది వద్దు చెల్లె. తీస్కపో. పిల్లోడున్నడు."

"వద్దన్నా. పోయినామె సొమ్ము ఇంట్ల ఉంచుకుంటే పిల్లోనికి మంచిగాదంట. పిల్లోని నానమ్మ వద్దన్నది."

"అది పోయినామె సొమ్ము గాదు. నీకిచ్చింది. నీదే."

"ఆమెది గాకపోతే నాకెట్ల ఇచ్చిందన్నా?" అంది. గొడవకు అన్నది కాదు. నిజంగానే అడిగింది.

"నేను బజార్ల ఇంకోటి కొనుక్కొస్త," అన్నాను.

"సరే అన్నా," అంది. నేను ఎప్పుడు వస్తానో ఎప్పుడు పోతానో ఊరందరికీ తెలుసు.

చివరికి తినడానికి బియ్యం కావాలన్నారు. ఇంట్లో ఉన్నది ఆ డబ్బా ఒక్కటే. నాయిన దాన్ని తెస్తుంటే పాస్టరయ్య లేచి నిలబడ్డాడు. "అన్నా, అది ఆమెది గాదు. సంఘానిది. లేనోళ్ళకు పోవాల్సింది."

తాత ఆయన ముఖంలోకి చూశాడు. "ఆమె చేత్తో ఏసింది గదా అయ్యా? ఇప్పుడు ఆమెకన్న లేనోళ్ళు ఎవరున్నరు ఈడ?"

పాస్టరయ్య కూర్చున్నాడు.

గోతిలో మొదట చాప పరిచి అత్తను దించారు. ఒక పక్క చెంబు, బియ్యం డబ్బా. ఒక పక్క చాట, రోకలి. కాళ్ళ దగ్గర పెట్టె. గొంగడి కప్పారు. తాత గోతిలోకి వంగి కొడవలి ఆమె కుడి చేతిలో పెట్టాడు. వేళ్ళు బిగుసుకుపోయి తెరుచుకునే ఉన్నాయి. కొడవలి జారిపోయింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జారింది. వేళ్ళు ముయ్యాలని చూశాడు, కాలేదు.

"ఎప్పుడు ఇంతే," అన్నాడు తాత. "పట్టుకొమ్మంటే పట్టుకోదు."

కొడవలిని పక్కన పెట్టేశాడు. ఆ చెయ్యి ఒక్కటే ఖాళీగా మిగిలింది.

అన్నిటి మీదా దోమతెర పరిచారు. మట్టి వెయ్యడం మొదలైంది. మొదటి గంపల మట్టి తెర మీద ఆగింది. కింద చెంబుకూ పెట్టెకూ మధ్య తెర బిగువుగా నిలబడింది. ఒక్క క్షణం దాని కింద అత్త ముఖం, పైన మట్టి. తర్వాత బరువుకు తెర మెల్లగా కుంగిపోయింది.

అక్కడ నిలబడి నాకు తోచింది ఒక్కటే. ఆమె బతుకంతా ఆ ముగ్గురు చుట్టాల నుంచి తప్పించుకుంటూ వచ్చింది. ఇనుము తుప్పు పట్టకముందే ఇచ్చేసింది, గింజకు పురుగు పట్టకముందే పంచేసింది, దొంగకు ఏమీ మిగల్చలేదు. మేం అన్నీ ఏరుకొచ్చి, ఆమెను ఆ చుట్టాల ఇంట్లోనే దించి వచ్చాం. కొడవలిని తుప్పు తింటుంది. గొంగడిని, దేవుని బియ్యాన్ని పురుగు తింటుంది. పైన దాచుకున్నానని ఆమె అనుకున్నదంతా ఒక మధ్యాహ్నంలో కిందికి వచ్చేసింది. ఆమె ఇచ్చింది అని చెప్పుకోవడానికి ఊళ్ళో ఒక్క వస్తువు మిగల్లేదు. బోరు బండి మీద వదిలేసి వచ్చిన నా గొంగడి ఒక్కటే తప్పించుకుంది, అది కూడా నేను తెలివితో చేసింది కాదు. డీజిలు వాసన వేస్తూ అక్కడెక్కడో సీటు కింద పడి ఉంటుంది.

పైన ఏమైనా ఉందా లేదా నాకు తెలియదు. పాస్టరయ్య ఉందన్నాడు, ఎవరూ తిరిగి తేలేనివి అక్కడున్నాయన్నాడు. ఆయన మంచివాడు. ఆ మాట నేను పట్టుకోవాలని చూశాను. నా వేళ్ళు కూడా మూసుకోలేదు.

మర్నాడు సాయంత్రం బయలుదేరే ముందు ఒక్కణ్ణే బొందలగడ్డకు వెళ్ళాను. పొద్దున వాన పడి మట్టి కుంగింది. మామ రాయి పక్కన కొత్త మట్టి ఎర్రగా ఉంది. తల వైపు మట్టిలోంచి దోమతెర మూల ఒకటి పైకి వచ్చి ఉంది. తెర కట్టుకోవడానికి కుట్టిన తాడు దానికి అలాగే ఉంది, దేనికీ కట్టకుండా, గాలికి కదులుతూ. లోపలికి నొక్కుదామని వంగాను. నొక్కలేదు. లాగుదామనుకున్నాను. అదీ చెయ్యలేదు.

అక్కడి నుంచి మూలిల్లు కనబడుతుంది. దోమలు లేచే పొద్దు. ఆ పిల్ల వాకిట్లో పచ్చి వేపాకు మీద నిప్పులేసి, కొడుకును చంకలో పెట్టుకుని, పొగను చాటతో ఇంట్లోకి విసురుతోంది. వాడు దగ్గుతున్నాడు. పొగ తలుపులోంచి లోపలికి పోయి, కప్పు సందుల్లోంచి మళ్ళీ బయటికే వస్తోంది.